తొట్టెల నాడు బాయిలర్ ఆరాలి

మా అమ్మాయి హేమావతికి ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన పదకొండేళ్లకు, మొన్న సోమవారం పొద్దున, హిందూపురం ఆసుపత్రిలో. రెండున్నర కిలోలు, తలనిండా జుట్టు. వీలునామా ఇలా మొదలుపెట్టకూడదని దస్తావేజులు రాసే లక్ష్మీపతి అన్నాడు. ఈ మాట ముందు రాయకపోతే నా చెయ్యి సాగదని చెప్పి, నేనే రాస్తున్నాను.

మడకశిర వాసిని, కీర్తిశేషులు తిప్పయ్య కొడుకును, పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్ యజమానిని, డెబ్బై ఒక్క ఏళ్ల బసప్ప అనే నేను ఐదో తరగతి వరకే చదివినా, తెలివిగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఇది రాస్తున్నాను. ఎల్లుండి శుక్రవారం బెంగుళూరులో నా గుండెకు ఆపరేషను. సగం సగం అన్నాడు డాక్టరు. తిరిగొస్తే ఈ కాగితం చింపేస్తాను. రాకపోతే ఇదే నా మాట. దీన్ని జరిపించే బాధ్యత లక్ష్మీపతిది.

1. యూనిట్టు, స్థలం, బాయిలరు, గూళ్లు ఉడికించే ఎనిమిది బేసిన్లు నా కొడుకు దివాకర్‌కు చెందాలి. ఒక షరతు. ఈ నెల 26, గురువారం, పాపను తొట్టెల్లో వేసే రోజు. మేనమామ చేతులతో వేయాలి, చెవిలో పేరు చెప్పాలి. ఆ రోజు బాయిలర్ ఆరి ఉండాలి, వాడు అక్కడ ఉండాలి. లేకపోతే యూనిట్టు హేమావతిది, వాడు ఆమె కింద జీతగాడు.

నేను పోతే సూతకమని ఆ వేడుక ఆపకండి. నా కర్మలు ఆగుతాయి. ఇది ఆగకూడదు.

ఎందుకింత పట్టు అంటే, పాపను చూడను రమ్మని నిన్న హిందూపురం నుంచి వాడికి ఫోను చేశాను. “నాయనా, గూళ్లు దించినారు, రెండు రోజులు పోతే పురుగు తొలుచుకోని బయటికొస్తాది, ఇప్పుడు యాడ వస్తాను” అన్నాడు. గురువారం సంగతి అడిగితే “చూద్దాం లే” అన్నాడు. ఆ మాట నాదే. నా దగ్గరే నేర్చుకున్నాడు. ఒరే దివాకరా, గూళ్లకు ఆవిరి పట్టించేది ఒక్క పూట పని. ఆవిరికి పురుగు చచ్చి, ఆరబెట్టిన గూడు పదిహేను రోజులు ఆగుతుంది. ఏది ఆగుతుందో ఏది ఆగదో తెలిస్తేనే యజమాని. తక్కినవన్నీ ఉరుకులాటలే.

2. యూనిట్టు గోడ గడియారం ఎవరికీ ఇవ్వను. పగలగొట్టండి. పనివాళ్లు త్వరగా రావాలని దాన్ని ఇరవై నిమిషాలు ముందుకు పెట్టింది నేను. ఊరంతా ఇరవై తీసేసి టైము చూసుకునేది. 98లో తనిఖీకి అధికారి వస్తున్నాడని ముందురోజు సరిచేశాను, ఇంట్లో చెప్పలేదు. మరునాడు నా భార్య లక్ష్మక్క ఆయాసంతో, సంచి ఒళ్లో పెట్టుకుని, ఆ గడియారమే చూసి, ఇరవై నిమిషాలు ఇంకా ఉందనుకుని కూర్చుంది. పెద్దాసుపత్రికి పోవలసిన బెంగుళూరు బస్సు పోయింది. బస్సు పోవడం తప్పు కాదు. “ఈ లాటు గూళ్లు అయిపోనీ, వచ్చే వారం పోదాం లే” అన్నాను, తప్పు అది. వచ్చే వారానికి ఆమె లేదు. ఆ లాటుకు అప్పటికే ఆవిరి పట్టి ఉంది. అది ఆగేది. నాకు తెలుసు.

ఈ సంగతి పిల్లలకు ఈ రోజు వరకు చెప్పలేదు.

3. మా మొదటి పట్టుతో నేయించిన కుంకుమరంగు చీర పెట్టెలో ఉంది. లక్ష్మక్క రెండు సార్లే కట్టింది, నేను ఆమెను ఎక్కడికీ తీసుకెళ్లలేదు కాబట్టి. అది హేమావతికి. పాపకు దానితోనే ఉయ్యాల కట్టాలి. తడుపుతుంది, తడపనీ.

4. మా యూనిట్టులో దారం తీసే రూతు ఇరవై రెండేళ్లుగా బేసిన్ల వేడినీళ్లలో చేతులు పెడుతోంది. ఆమె ఉండే గది, వెనక రెండు సెంట్లు ఆమెకు రాసిస్తున్నాను. ఆదివారం చర్చికి పొద్దున వదలమంటే వంతులు పెట్టాను. “అన్నా, మా దేవుడు నీ వంతుకు రాడు” అనింది. ఇకమీద యూనిట్టు ఎవరిదైనా ఆదివారం మధ్యాహ్నం దాకా మూత.

5. నా తమ్ముడు నరసింహప్పకు నా నల్ల కంబళి. వాడి కూతురి పెళ్లిలో పదిమంది ముందర “వచ్చినావా అన్నా, బాయిలర్‌కు అన్నం ఎవురు పెడతాండారు” అన్నాడు. తినకుండా లేచొచ్చాను. తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. వాడు అన్నది నిజమే, కానీ పదిమంది ముందర అనకూడదు. కంబళి మాత్రం మంచిది, చలికి కప్పుకోనీ.

తేదీ: 18 ఆగస్టు 2004, మడకశిర.
బసప్ప (సంతకం)
సాక్షులు: దస్తావేజు లేఖరి లక్ష్మీపతి, కిరాణా అంగడి మారెప్ప

షెడ్యూలు: పాప పుట్టిందని చెప్పవలసినవారు. ఫోనులో కాదు, ఇంటికి పోయి చెప్పాలి.

రామక్క, మా పెద్దక్క, కణేకల్. చెవుడు, గట్టిగా చెప్పాలి.
మల్లీశ్వరి, లక్ష్మక్క చెల్లెలు, లేపాక్షి. ఏడుస్తుంది, కాసేపు కూర్చోవాలి.
నరసింహప్ప. నేను చెప్పమన్నానని చెప్పాలి.
దివాకర్, నా కొడుకు. ఫోనులో విన్నాడు, అది లెక్కలోకి రాదు. ఎవరైనా పోయి, బాయిలర్ ఆపించి, ఆ చప్పుడు ఆగినాక చెప్పండి.