జూన్ నాటి సర్టిఫికెట్

భవానీపురం, విజయవాడ
18 ఆగస్టు 1999, బుధవారం

సౌభాగ్యవతి తిరుమలకు,

నీ భర్త హేమసుందర్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. నేనూ, అమ్మా, వల్లీ ముగ్గురం ఈ రోజుకి కులాసాగా ఉన్నాం. ఈ రోజుకి అని ఎందుకు రాశానో కింద చెబుతాను, కంగారు పడకు. మస్కట్‌లో ఎండలు ఏమైనా తగ్గాయా? నిలబడి నిలబడి నడుం పట్టేస్తోందని రాశావు, ఇప్పుడెలా ఉందో రాయి.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. మంగళగిరి అమలమ్మ గారు సెలవు అయిపోయి మస్కట్ తిరిగి రావడానికి ఎల్లుండి బొంబాయి బండి ఎక్కుతున్నారు. ఆవిడ చేతికి ఇస్తున్నాను. దీంతో పాటు ఒక బ్రౌను కవరు కూడా ఉంటుంది. అందులో ఉన్నది లైసెన్సు రెన్యూవల్ కోసం నువ్వు అడిగిన అనుభవం సర్టిఫికెట్టే. అయితే ముందు ఈ ఉత్తరం చదివి, తర్వాత ఆ కవరు తెరువు. ఈ ఒక్క మాట విను.

ఈ మధ్య వచ్చిన నీ ఉత్తరం ముందు పెట్టుకుని రాస్తున్నాను. వల్లికి జడలు ఎవరు వేస్తున్నారని అడిగావు. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారం నేను వేస్తున్నాను. ఎడమ జడ బాగానే కుదురుతోంది. కుడి జడే ఎలా అల్లినా చెవి మీదికి వచ్చేస్తోంది. పొద్దున డ్యూటీ వారం అమ్మ వేస్తుంది. అమ్మ నూనె కారిపోయేలా పెడుతుంది కాబట్టి నీ కూతురు వంకర జడలకే ఓటు వేసింది. పై పన్ను ఒకటి ఊడింది. పాలు తాగడం లేదు, పెరుగు మాత్రం తింటోంది.

మొన్న బళ్లో టీచరు మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే నర్సు అని చెప్పిందట. ఇంటికొచ్చాక నేను సరిదిద్దాను. ఊపిరి సరిగా ఆడని వాళ్లకి మిషన్లు పెట్టి చూసుకుంటుంది, రెస్పిరేటరీ థెరపిస్టు అంటారు, దానికి లైసెన్సు కూడా ఉండాలి అన్నాను. "లైసెన్సంటే స్కూటర్‌కి ఉంటుంది కదా నాన్నా, అలాంటిదా?" అంది. అలాంటిదే అన్నాను. "మరి లేకపోతే పోలీసులు పట్టుకుంటారా అమ్మని?" అని అడిగింది. నేను నవ్వాను గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎందుకో నీకే తెలుస్తుంది.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. మోకాళ్లు ఫర్వాలేదు. ఆయాసం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు బాగుంది, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఆగస్టు అయిదో తేదీ, గురువారం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చేపలు బాగుచేస్తూ, లేవబోయి లేవలేకపోయింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. మెడ కింద గుంట లోపలికి పోతూ ఉంటే ఇక ఆలోచించకుండా తీసుకెళ్లిపోవాలని నువ్వు ఎప్పుడో చెప్పావు. చూశాను. పోతోంది. చేపలు అలాగే వదిలేసి, ఆటో పిలిచి, నువ్వు ఏడేళ్లు పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లాను. ఇంకో గంట ఆలస్యమైతే మిషన్ మీద పెట్టాల్సి వచ్చేదన్నారు. మాస్కుతో మందు పట్టించారు, సెలైన్ పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చేశాం. ఇప్పుడు రోజుకి రెండుసార్లు నోట్లో పంపు కొట్టుకుంటోంది. మొదట్లో సిగ్గుపడి తలుపు చాటుకి వెళ్లి కొట్టుకునేది.

అసలు సంగతి ఆ ఆసుపత్రిలోనే జరిగింది.

శుక్రవారం పదకొండు గంటలకి డాక్టర్ అచ్యుతరామారావు గారు రౌండ్సుకి వచ్చారు. అమ్మని చూసి, "ఏం వీరమ్మా, కోడలు ఇక్కడుండగా ఏనాడూ రాని ఆయాసం ఇప్పుడొచ్చిందా?" అని నవ్వించారు. తర్వాత నా వైపు తిరిగి, "హేమసుందర్, తిరుమల లైసెన్సు రెన్యూవల్ అయిపోయిందా? సర్టిఫికెట్ అందిందని ఒక్క ముక్క రాయలేదేంటి ఆ అమ్మాయి?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే, ఫైళ్లు పట్టుకుని వెనకాల నిలబడ్డ ఆఫీసు గుమాస్తా శౌరయ్య గారు అందుకున్నారు. "జూన్‌లోనే ఇచ్చేశానండీ. ఇరవై ఎనిమిదో తారీఖు సోమవారం హేమసుందర్ గారే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లారు."

"పంపావా మరి?" అన్నారు డాక్టరు గారు.

"పంపుతానండీ. పని ఒత్తిడిలో పడి..." అన్నాను.

తిరుమలా, పని ఒత్తిడి ఏమీ లేదు. శౌరయ్య గారు చెప్పింది నిజం. ఆ సర్టిఫికెట్ జూన్ 28న నా చేతికి వచ్చింది. ఆ రోజు నుంచీ థర్మల్ స్టేషన్‌లో నా లాకర్లో, హెల్మెట్ కింద ఉంది. జూలైలో నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. ఆసుపత్రి వాళ్లు ఆలస్యం చేస్తున్నారని జవాబు రాశాను. ఆగస్టు ఒకటో తేదీ ఆదివారం నువ్వు బూత్‌కి ఫోన్ చేసి, "సెప్టెంబరు పదికల్లా కాగితాలు ఇవ్వాలండీ, నెలాఖరుకి లైసెన్సు అయిపోతుంది, ఇంకోసారి వెళ్లి అడగండి" అని బతిమాలావు. "నిన్ననే వెళ్లాను, ఇంకా సంతకం కాలేదన్నారు" అన్నాను. వెళ్లనే లేదు.

ఎందుకు చేశానో రాయడానికి మూడు రోజులుగా కాగితాలు చింపుతున్నాను. ఏప్రిల్‌లో నువ్వొక ఉత్తరం రాశావు. కొత్త వార్డు తెరుస్తున్నారనీ, నిన్ను సీనియర్‌గా ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారనీ, మీరేమంటారనీ అడిగావు. నేను "నీ ఇష్టం" అని రాశాను. అది నిజం కాదు. నువ్వు ఇంటికి రావాలన్నదే నా మనసులో ఉంది. ఆ మాట అడిగితే వల్లిని అడ్డం పెట్టుకుని నిన్ను వెనక్కి లాగినవాణ్ణి అవుతానేమో అనిపించింది. అడగకుండానే నువ్వు వచ్చేస్తే బాగుండుననుకున్నాను. సర్టిఫికెట్ చేతికి వచ్చాక, ఇది అందకపోతే లైసెన్సు ఆగిపోతుంది, లైసెన్సు లేకపోతే ఉద్యోగం ఉండదు, తప్పు ఆసుపత్రి వాళ్ల మీదికి పోతుంది, నేను మంచివాడిగానే ఉంటాను అన్న ఆలోచన వచ్చింది. ఒకేసారి రాలేదు. ముందు రేపు పంపుదాం అనుకున్నాను. రేపటికి ఇంకో రేపు వచ్చింది. ప్రతి షిఫ్టుకీ లాకరు తెరిచి, కవరు చూసి, హెల్మెట్ తీసుకుని, మళ్లీ మూసేవాణ్ణి.

డాక్టరు గారు పక్క మంచం దగ్గరికి వెళ్లాక అమ్మ మాస్కు కిందకి లాగింది.

"ఏరా, ఆ కాయితం ఏడుంది?"

"లాకర్లో ఉందమ్మా. మాస్కు పెట్టుకో."

"లాకర్లో ఎందుకుంది?"

అమ్మ కాసేపు ఊపిరి తీసుకుని, "దానికి దార్లన్నీ మూసేసి ఇంటికి రప్పించుకుంటావా?" అంది. "నాకూ అది రావాలనే ఉంది. పిల్లకి జొరం వచ్చిన రోజున నాకు ఏడుపొచ్చింది. రమ్మని అడగరా. మొగుడివి, అడగటానికి నీకేం నోరు లేదా? కాయితం దాచేదేంటి, దొంగపని."

అని మాస్కు తనే పైకి లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వల్లి చేత పంపించింది.

అప్పటికైనా వెంటనే పంపాల్సింది. మరో వారం తాత్సారం చేశాను. ఈసారి కారణం వేరు. సర్టిఫికెట్ మీద జూన్ 28 అని తేదీ ఉంది. నువ్వు చూడగానే అడుగుతావు. అందుకని మొన్న సోమవారం ఆసుపత్రికి వెళ్లి, తేదీ మార్చి కొత్తది టైపు చేయించమని శౌరయ్య గారిని అడిగాను. ఆయన మెత్తని మనిషి. "దానిదేముందండీ, సార్ సంతకం పెడితే అయిపోద్ది" అని టైపు చేసి, డాక్టరు గారి గదికి తీసుకెళ్లారు.

డాక్టరు గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. శౌరయ్య గారిని బయటికి పంపించేశారు.

"పాతది పోయిందా?" అన్నారు.

"లేదండీ."

"చెల్లదన్నారా?"

"లేదండీ."

"మరి కొత్తది దేనికి?"

ఆయన కొత్త కాగితాన్ని సగానికి చింపి బుట్టలో వేశారు. గట్టిగా ఏమీ అనలేదు. "నేను ఈ రోజు తేదీ వేస్తే నీ ఆలస్యం నా ఆలస్యం అవుతుంది. నేను ఆ అమ్మాయికి ఏ పనీ ఆలస్యం చెయ్యలేదయ్యా. పాతదే పంపు. ఎందుకు ఆలస్యమైందో నువ్వే రాసుకో" అన్నారు.

తర్వాత, లైసెన్సు పోతే ఏమవుతుందో తెలుసా అని అడిగారు. ఉద్యోగం పోతుందని మాత్రమే నేననుకున్నాను. మళ్లీ పరీక్ష రాయాలనీ, గడువు దాటి రద్దయిన సంగతి రికార్డులో ఉండిపోతుందనీ, తర్వాత ఎక్కడ దరఖాస్తు పెట్టినా ఎందుకు రద్దయిందని అడుగుతారనీ చెప్పారు. "ఇంటికైతే వస్తుంది. రేపు నేనిక్కడ ఉద్యోగం ఇద్దామన్నా ఆ మచ్చ చూసుకుని ఇవ్వాలి. అదా నీకు కావాల్సింది?" అన్నారు. "కాదండీ" అన్నాను.

"ఇలా రా" అని లేచి నన్ను ఐసీయూలోకి తీసుకెళ్లారు. చెప్పులు విప్పించి, గౌను వేయించారు. నువ్వు ఏడేళ్లు అక్కడ పనిచేసినా నేను ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. బయట స్కూటర్ మీద కూర్చుని ఎదురుచూడటమే నాకు తెలుసు. కిటికీ పక్కన మంచం మీద పెద్దాయన ఒకాయన, గొంతులో గొట్టం. పక్కన మిషన్ ఊపిరి తీసి వదులుతోంది. ఆ మిషన్‌కి ఒక అట్ట కట్టి ఉంది. మీద ప్లాస్టిక్ కాగితం. లోపల నీ రాత.

"మిషన్ అరిస్తే ముందు మనిషిని చూడండి. తర్వాత మిషన్‌ని చూడండి."

కింద ఇంకో ఎనిమిది వరసలు ఉన్నాయి, గొట్టంలో నీళ్లు చేరితే ఏం చెయ్యాలి, ఎవర్ని పిలవాలి అని. డ్యూటీలో ఉన్న సిస్టర్ తెరేసమ్మ నన్ను గుర్తుపట్టింది. "అక్క రాసిందే అన్నయ్యా. కొత్త పిల్లలొస్తే ముందు ఇదే చదివిస్తాం. ఇంగ్లీషు పుస్తకం ఉంది గానీ ఆ టైములో ఎవరు చూస్తారు?" అంది. మేం నిలబడి ఉండగానే మిషన్ కూత పెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆ అమ్మాయి మిషన్ వైపు చూడనే లేదు. పెద్దాయన ఛాతీ మీద చెయ్యి వేసి, మొహం చూసి, అప్పుడు గొట్టం సర్దింది. కూత ఆగిపోయింది.

పదేళ్లుగా నీతో కాపురం చేస్తూ నీ పని ఏమిటో నేను చూడటం అదే మొదటిసారి. థర్మల్ స్టేషన్‌లో నేనూ మీటర్లు చూస్తూనే బతుకుతున్నాను. అక్కడ ముల్లు పక్కకి పోతే బాయిలరు ఆపుతాం. ఇక్కడ ఆపేది ఏమీ లేదు. నువ్వు ఎంత జాగ్రత్తగా బతకాలో నాకు అప్పుడు తెలిసింది. నీ చేతిలోంచి తీసేద్దామనుకున్నది దీన్నా అనిపించి అక్కడ నిలబడలేకపోయాను.

అక్కణ్ణుంచి నేరుగా బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్లి, డ్యూటీ లేకపోయినా లాకరు తెరిచి కవరు తెచ్చాను. నిన్న నోటరీ ముద్ర వేయించాను. కవరులో అసలు కాగితం, రెండు కాపీలు ఉన్నాయి. అమలమ్మ గారు ఇరవై మూడుకల్లా మస్కట్‌లో ఉంటారు. నీకు ఇంకా పద్దెనిమిది రోజులు ఉంటాయి. సరిపోతుందని ఆవిడ అన్నారు. ఆవిడకి ఈ సంగతేమీ చెప్పలేదు. అమ్మ ఎండురొయ్యల పొడి కట్టి ఇచ్చింది, అది కూడా తీసుకో.

ఏప్రిల్‌లో నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నువ్వు ఇంటికి రావాలని నాకు ఉంది. వల్లి కోసమని కాదు, అమ్మ కోసమని కాదు. వాళ్లకీ ఉంది, అది వేరు. నాకు కావాలి. ఇది నేను అడుగుతున్నది, నువ్వు కాదనొచ్చు. ఇంకో రెండేళ్లు ఉండాలని నీకుంటే ఉండు, ఇల్లు నేను చూసుకుంటాను, కుడి జడ కూడా నేర్చుకుంటాను. వచ్చేదైనా, ఉండేదైనా, లైసెన్సు మాత్రం ముందు రెన్యూవల్ చేయించుకో. ఈ ఉత్తరం మీద కోపంతో దాన్ని ఒక్క రోజు కూడా ఆపకు.

నన్ను క్షమించమని ఇందులో అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, నీ గుణం నాకు తెలుసు. సరేననకముందు నాలుగు రోజులు కోపంగా ఉండు. తిట్టాలనిపిస్తే తిట్టు. నా జూలై ఉత్తరాలు దగ్గరుంటే చింపెయ్యి.

సెప్టెంబరు అయిదో తేదీ నువ్వు ఫోన్ చేసే ఆదివారం. ఎప్పటిలా పది గంటలకి బూత్ దగ్గర ఉంటాను. పన్నెండు దాకా కూర్చుంటాను. ఆ రోజు నాతో మాట్లాడబుద్ధి కాకపోతే చెయ్యకు. పన్నెండో తేదీ ఆదివారం కూడా అక్కడే ఉంటాను, ఆ తర్వాతి ఆదివారం కూడా. బూత్ అతనికి చెప్పి ఉంచాను, లోపలి కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచుతానన్నాడు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
వల్లి నాన్న
హేమసుందర్