పస్తులో ప్రసాదం

పిన్నీ,

ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

బౌషర్ ఆసుపత్రిలో నన్ను పస్తు పెట్టడం పరీక్షలో భాగం. రక్తంలో చక్కెర బాగా పడిపోయాక ఇంజెక్షన్ ఇస్తారు. దానికి చక్కెర ఎంత పెరిగిందో చూస్తే, నేను కళ్లు తిరిగి పడిపోవడానికి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువవడమే కారణమా అన్నది తేలుతుంది. అది తేలేదాకా కంపెనీ కారు తాళాలివ్వదు, సైట్ డ్యూటీ ఇవ్వదు.

నిన్న చక్కెర పడలేదు. "ఏమైనా తిన్నారా?" అని డాక్టర్ అడిగితే "లేదు" అన్నాను. "సత్యనారాయణ స్వామి ప్రసాదం వద్దంటావుట్రా!" అంటూ నువ్వు నోట్లో పెట్టింది గుర్తే రాలేదు. ప్రసాదాన్ని మనం తిండి అని ఎప్పుడనుకున్నాం?

తర్వాత గుర్తొచ్చి డాక్టర్‌కి చెప్పాను; రేపు పరీక్ష మళ్లీ మొదలు. వట్టి చేతులతో రా. మొక్కుకోకుండా ఎలాగూ ఉండలేవు, నా చక్కెర పడిపోవాలని మొక్కుకో.

ఆకలితో,
నీ అక్క కొడుకు