అమ్మ కాళ్ళ వాపు దిగింది

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. యారాడలోని మనవాళ్ళంతా ఇంటికి వచ్చారు.

నువ్వు పోయాక, నీకులాగే అమ్మకూ గుండె బలహీనపడి కాళ్ళు వాచాయి. డాక్టరు నీకిచ్చిన మాత్రే, ఒంట్లో నీరు పోయేది, రాశాడు. పెదనాన్న ఒప్పుకోలేదు.

“ఆ మాత్రలే నా తమ్ముణ్ణి తినీసినాయి. మీ అమ్మకీ అయ్యే ఇత్తావేటి?”

“నాన్న మాత్రేసుకుంటా దినామూ ఉప్పుసేప తిన్నాడు పెదనాన్నా. మాత్ర నీరు పంపేత్తంటే ఉప్పు నిలబెట్టీసింది. డాక్టరే సెప్పాడు,” అన్నాను.

అమ్మ ఉప్పు మానేసింది. మొదట వాపు దిగింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఎక్కింది. మాత్ర రెట్టింపు చేసినా లాభం లేకపోయింది. మానేయమని పెదనాన్న కేకలేశాడు. నేను వినలేదు. అమ్మను బస్సెక్కించి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. “నీటితోపాటు పొటాషియం, క్లోరైడ్ లవణాలు కూడా పోయాయి. ఒంట్లో ఆమ్లం తగ్గి క్షారం పెరిగింది. అలాంటప్పుడు ఈ మాత్ర సరిగ్గా పనిచేయదు,” అంది. ఆ లవణాలున్న మందు రాసింది.

“ఉప్పు మానమని మళ్ళీ ఉప్పేటమ్మా?” అని అమ్మ అడిగింది.

“కూరలో ఉప్పు వేరు, ఇది వేరు,” అని డాక్టరమ్మ నవ్వింది.

మెల్లగా వాపు దిగింది. అమ్మ పాదాల మీద నరాలు కనబడుతున్నాయి.

ఇవాళ చేపల పడవ రాగానే అమ్మ లేచి నిలబడింది. మొగుడి సంవత్సరీకం రోజున బేరాలేమిటని అందరూ గొణిగారు.

“నాను కూసుంటే ఆయనొత్తాడేటి?” అంటూ ఒడ్డుకు నడిచింది. గంప తీసుకుని నేనూ వెనకే వెళ్ళాను.

నీకోసం ఏడవడానికి ఇవాళ మాకు తీరిక లేదు నాన్నా.