కర్ణాలు కలిసిన చోట

తకురూ,
జూలై 9.

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు ఫిదెలినా ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, నీ ముసలి గుర్రం, అమ్మ కోళ్ళు అందరం క్షేమం. దేవుడి దయవల్ల ఆ దూరపు చాకో బీళ్ళ ఎండల్లో, ఆ పశువుల మధ్య నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. బసిలియో రొలోన్ క్షేమం గురించి మాత్రం ఇప్పుడే రాయను. దానికి తొందరేం లేదు. తీరిగ్గా రాయాల్సిన సంగతి అది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్తాను. అమ్మ దగ్గు తగ్గింది. ఫాదరీగారు ఇచ్చిన తేనె తాగిందో, కోళ్ళకి పోసిందో నాకు తెలియదు గానీ తగ్గింది. వంటింటి కప్పు బాగు చేయించాను, వాన ఇప్పుడు నా మంచం ఒక్కదాని మీదే పడుతోంది. గుర్రానికి పళ్ళు లేవు, ఉడికించిన కర్రపెండలం పెడితే అమ్మ కంటే నింపాదిగా తింటుంది. నీ నారింజ చెట్టు ఈసారి విరగకాసింది. కిందటి ఉత్తరం చివర్లో, "బసిలియో మీద కోపం ఇంకా ఉంచుకున్నావా? వదిలెయ్, చిన్నీ. నేను వదిలేశాను" అని రాశావు. దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

నువ్వు వదిలేశావు. నేను వదల్లేదు. వదిలే గుణం ఇంట్లో ఒకరికి ఉంటే చాలు.

నువ్వు ఊరు విడవడానికి కారణమైన ఆ క్లబ్బు మీటింగులో ఏం జరిగిందో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఫుట్‌బాల్ ఫైనల్ ఆడటానికి వచ్చిన జట్టువాళ్ళు మైదానం పక్కకి ఒరిగి ఉందన్నారు. కార్నర్ దగ్గర నిలబడితే గోలు వంకరగా కనబడుతోందని గొడవ చేశారు. లీగువాళ్ళు మన కప్పు లాక్కున్నారు. ఊరంతా తిండి మానేసినంత పని చేసింది. అప్పుడు క్లబ్బు అధ్యక్షుడి హోదాలో బసిలియో లేచి టేపు పట్టుకుని కొలిచి చూపించాడు. ఎదురెదురు భుజాలు సమానం. అటూ ఇటూ తొంభై మీటర్లు, మిగతా రెండు వైపులా యాభై మీద ఒక చిన్న ముక్క.

"ఎవడన్నా మూల గుంజలు జరిపితే ఒక పక్క పెరగాల, ఒక పక్క తగ్గాల. పెరగలేదు, తగ్గలేదు. అంటే ఇది పుట్టడమే వంకరగా పుట్టింది. కొలిచి వేసినోడు ఆ పూట తాగున్నాడు, నేనేం చేసేది?" అన్నాడు.

తాడు లాగి కొలిచి వేసింది నువ్వు. ఆ రోజు నుంచి నీ పేరు 'వంకర తాడు' అయింది. చిన్నపిల్లలు కూడా అలాగే పిలిచారు. నువ్వు నోరు విప్పలేదు. నాకు తల తీసేసినట్టయింది, కానీ నేనూ నోరు విప్పలేకపోయాను. లెక్కల టీచరునై ఉండి, భుజాలు సమానం అనగానే నేను కూడా నమ్మాను. నువ్వు తాగవని తెలిసి కూడా, పొరపాటు చేశావేమో అనుకున్నాను. మైదానం వేసిన రోజు తాడు రెండో కొస పట్టుకున్నది ఆ బసిలియోనే అని ఒక్కరికీ గుర్తు రాలేదు. వాడికి తప్ప.

ఇక మార్చి నెల సంగతి. తొమ్మిదో తరగతికి నిరూపక రేఖాగణితం మొదలుపెట్టాను. బోర్డు మీద నాలుగు బిందువులు వేసి ఇదేం ఆకారమో నిరూపించమన్నాను. లిలియానా అని ఒక గడుగ్గాయి ఉంది, దూర సూత్రం పెట్టి నాలుగు భుజాలూ లెక్కకట్టి, "ఎదురెదురువి సమానం, కాబట్టి దీర్ఘచతురస్రం" అంది. కాదే పిల్లా, అంతమాత్రాన కాదు అని, అగ్గిపెట్టె తొడుగు తీసుకుని వేలితో పక్కకి నొక్కి చూపించాను. తొడుగు ఒరిగింది. భుజాల పొడవు మారలేదు. కర్ణాల మధ్యబిందువులు రెండూ ఒకే చోట పడ్డాయంటే అది సమాంతర చతుర్భుజం, ఆ కర్ణాలు సమానం కూడా అయితేనే దీర్ఘచతురస్రం, అని చెప్తూ చెప్తూ ఆగిపోయాను. తొడుగు నా వేళ్ళ మధ్య ఒరిగే ఉంది. ఒక పక్క రెండు మూలలూ కలిపి ఒకేసారి జరిపితే ఎదురెదురు భుజాలు సమానంగానే ఉంటాయి కదా అన్నయ్యా. బసిలియో ఒక గుంజ జరపలేదు. రెండు జరిపాడు.

పిల్లలు నన్నే చూస్తున్నారు. టీచరమ్మకి కళ్ళు తిరిగాయేమో అనుకున్నారట.

మర్నాటి నుంచి మైదానమే మా తరగతి గది. బడి జెండా కర్రని మూలబిందువుగా పెట్టుకుని తూర్పుకి ఎంత, ఉత్తరానికి ఎంత అని నాలుగు గుంజల నిరూపకాలు కొలిపించాను. కర్ణాల మధ్యబిందువులు ఒకే చోట పడ్డాయి. కర్ణాల పొడవుల్లో మాత్రం తొమ్మిది మీటర్ల దాకా తేడా. నాకు కావలసింది అది కాదు. ఒరిగి ఉందని ఊరందరికీ తెలుసు. ఒరగబెట్టింది ఎవరో తేల్చాలి.

నీకు గుర్తుందా, మైదానం వేసిన రోజు బసిలియో అన్నానికి వెళ్ళినప్పుడు మనిద్దరం మూల నుంచి మూలకి తాళ్ళు కట్టి, అవి కలిసిన చోట కాన్యా సారా సీసా పాతాం. కప్పు గెలిచిన రోజు తీసి తాగాలని, తాగని నువ్వే అన్నావు, నేను నవ్వాను. ఇప్పుడున్న సెంటర్ చుక్క దగ్గర తవ్వితే ఆ సీసా లేదు. ఇనుప చువ్వతో చుట్టూ గుచ్చుకుంటూ పోతే, రెండున్నర మీటర్ల అవతల టంగుమంది. రెండు మూలలు ఐదు మీటర్లు జరిగితే మధ్యబిందువు అందులో సగం జరుగుతుంది. లెక్క ఎంత నిజాయితీగా ఉంటుందో చూడు.

ఇక మిగిలింది పాత మూలలు ఎక్కడో కనిపెట్టడం. బడి వైపు రెండు గుంజలూ నీవే, గొడ్డలి విరిగే కెబ్రాచో కర్ర, నీ గుర్తు ఇంకా ఉంది. ఇవతల వైపు రెండూ యూకలిప్టస్. పాతవి చెదలు తినేశాయని బసిలియో చెప్పాడట. కెబ్రాచోని చెదలు తిన్నాయట! బడి వైపు గుంజ నుంచి సీసా దాకా ఎంత దూరమో, అదే తాడు మీద అంతే దూరం ముందుకి పోతే ఎదుటి మూల రావాలి. కాగితం మీద వేసి చూశాను. అది వచ్చి కూర్చున్న చోటేమిటో తెలుసా? వీధి గేటు పక్కన బసిలియో కట్టుకున్న మాంసం కాల్చే పొయ్యి కింద. ఆటకొచ్చే ప్రతివాడూ ముందు దాని వాసన చూసి లోపలికి వచ్చేది. ఆ నాలుగడుగుల గేటు పక్క స్థలం కోసం నిన్ను ఊరు దాటించాడు అన్నయ్యా.

మార్చిలోనే ఫాదరీగారికి చెప్పి ఉండొచ్చు. లీగు ఆఫీసుకి రాసి ఉండొచ్చు. చెప్పలేదు, రాయలేదు. జూన్ నెలాఖరు ఆదివారం క్లబ్బు వార్షికోత్సవం, ఆ రోజు మైదానానికి బసిలియో రొలోన్ పేరు పెడతారని అప్పటికే అనుకున్నారు. నేను కాచుకుని కూర్చున్నాను. పిల్లలకి కూడా నోరు కుట్టేశాను.

ఆ ఆదివారం ఊరంతా వచ్చింది. పేరు రాసిన పలక మీద గుడ్డ కప్పి ఉంది. పొయ్యి మీద పక్కటెముకలు చిటపటమంటున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు మైదానం గౌరవార్థం ఒక చిన్న లెక్క చేసి చూపిస్తారని చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు మూల నుంచి మూలకి రెండు తాళ్ళు లాగి, రెండూ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూపించారు. ఒక తాడు పొట్టి, ఒకటి పొడుగు. జనం గుసగుసలాడారు. తర్వాత సీసా తవ్వి తీశాం, నువ్వు దాని మెడకి కట్టిన ఎర్ర దారం పోగు ఇంకా ఉంది. అప్పుడు లిలియానా చేతికి తాడు కొస ఇచ్చి, బడి వైపు గుంజ నుంచి సీసా గుంట మీదుగా అంతే దూరం తిన్నగా నడవమన్నాను. అది నడుచుకుంటూ వెళ్ళి, జనాన్ని తప్పించుకుని, తిన్నగా పొయ్యి ఇటుకలకి మోకాళ్ళు తగిలేదాకా పోయి ఆగింది.

"టీచరమ్మా, ఇక్కడేనమ్మా. ఇంకో అడుగు లోపలికి," అంది.

బసిలియో మొహంలో నెత్తుటి చుక్క లేదు. పెత్రోనా వదిన, అతని భార్య, కాసేపు మొగుడి మొహం చూసింది. తర్వాత గరిటె తీసుకుని మాంసం ముక్కలన్నీ ఒక్కొక్కటే పళ్ళెంలోకి దించింది. నిప్పుల మీద బిందెడు నీళ్ళు పోసింది.

"తవ్వండి. దీని కింద ఏముందో నేను కూడా చూడాల," అంది.

సిమెంటు పగలగొట్టారు. నేలకి సమానంగా రంపంతో కోసేసిన కెబ్రాచో మోడు బయటపడింది. చెదపురుగు ముట్టని ఎర్రటి మోడు. ముసలి వాళ్ళు కొందరు వంగి చేత్తో తడిమి చూశారు. అప్పట్లో నీ పేరు చెప్పి తిట్టిన మన మావయ్యే ముందు టోపీ తీశాడు. నేను ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. అవసరం పడలేదు.

ఇక్కడి దాకా చదివి నీకు నవ్వు వచ్చి ఉంటుంది. ఇప్పుడు రాసేది నీకు నచ్చదు. అయినా నీ దగ్గర దాచను.

ఆ సభకి ముందటి వారం, ఆదివారం ఉదయం బసిలియో మనింటికి వచ్చాడు. పిల్లలు కొలవడం, నేను చువ్వ పట్టుకుని తిరగడం అతను చూస్తూనే ఉన్నాడు, బుర్ర లేనివాడేం కాదు. వేడినీళ్ళ ఫ్లాస్కు, మాటే ఆకు కషాయం తాగే సొరబుర్ర తనే తెచ్చుకున్నాడు. వాకిట్లో కూర్చుని ఆకు వేసి, నీళ్ళు పోసి నాకిచ్చాడు.

"చెల్లెమ్మా, పాడు బుద్ధి పుట్టి చేశాను. మీ అన్నకి నేనే ఉత్తరం రాస్తా, తప్పు నాదేనని రాస్తా. పొయ్యి నా చేత్తోనే పీకేస్తా. ఆ సభ ఒక్కటీ కానీ. నా పిల్లల ముందు మాత్రం వద్దు," అన్నాడు.

నేను సరే అనలేదు, కాదు అనలేదు. గొట్టంతో పీల్చి, ఖాళీ బుర్ర తిరిగి ఇచ్చాను. మళ్ళీ పోసిచ్చాడు. మళ్ళీ తాగాను. ఫ్లాస్కులో నీళ్ళు అయిపోయేదాకా అలాగే తాగాను, ఒక్కసారి కూడా 'గ్రాసియాస్' అని ధన్యవాదం చెప్పలేదు. చాకోలో ఆ మర్యాద మర్చిపోయి ఉండవు. బుర్ర తిరిగిస్తూ ఆ మాట అంటే, చాలు, ఇక నీ చేతి నుంచి వద్దు అని. అనకపోతే మనం ఇంకా కలిసే ఉన్నామని. ఆ మాట నా నోట రాలేదు కాబట్టి క్షమించాననుకున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు కూడా. నేను వాడిని మోసం చేశాను అన్నయ్యా. తెలిసి చేశాను. నిన్ను పదిమందిలో దోషిగా నిలబెట్టాడు, వాడి క్షమాపణ మాత్రం నువ్వూ నీ పశువులూ చదువుకుంటే సరిపోతుందా? నాకు సరిపోలేదు.

మోడు బయటపడ్డాక అందరి ముందూ అతని దగ్గరికి వెళ్ళి, నాకో బుర్ర మాటే పోసివ్వు బసిలియో అన్నాను. పోసిచ్చాడు. నింపాదిగా తాగి, బుర్ర తిరిగి అతని చేతిలో పెట్టి, గ్రాసియాస్ అన్నాను. ఆ మాట విన్నాక అతను కళ్ళెత్తలేదు. పెద్ద కూతురు గుడ్డ తీయని ఆ పలక కింద నిలబడి ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపూ, పెత్రోనా వదిన మొన్న బజార్లో నన్ను చూసి తల తిప్పుకోవడమూ కాస్త గుచ్చుకున్నాయి. మిగతాదంతా నాకు తియ్యగానే ఉంది. పశ్చాత్తాపం రావాలని ఫాదరీగారు అంటున్నారు, వస్తే ఆయనకే ముందు చెప్తానన్నాను.

క్లబ్బువాళ్ళు మర్నాడే రెండు గుంజలూ పాతచోటికి మారుస్తామన్నారు. వద్దన్నాను. అప్పుడు తాడు లాగినవాడే వచ్చి లాగాలి, అప్పుడు రెండో కొస పట్టుకున్నవాడే మళ్ళీ పట్టుకోవాలి, ఊరంతా గట్టు మీద నిలబడి చూడాలి, అప్పటిదాకా ఈ మైదానంలో ఎవరూ బంతి తన్నకూడదు అని తీర్మానం చేయించాను. బసిలియో తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? చాకో బస్సు వచ్చే వేళకి రోజూ తన ఇంటి అరుగు మీదకి వచ్చి బస్సు తలుపు వంక చూస్తున్నాడట. ఊళ్ళో కుర్రాళ్ళకి ఆట లేక కాళ్ళు దురద పెడుతున్నాయి, వాళ్ళు కూడా అతన్నే అడుగుతున్నారు ఎప్పుడొస్తాడని.

సీసా కడిగి నీ గది కిటికీలో పెట్టాను, మూత తీయలేదు. నీ పాత తాడుకి మైనం రాసి దూలానికి వేలాడదీశాను. అమ్మ నీ పరుపు ఎండలో వేసింది. త్వరగా బయలుదేరు. తాడు బిగించేటప్పుడు మాత్రం నాకోసం ఒక్క పని చెయ్యి, నీ వైపు నుంచి కాస్త గట్టిగా లాగు.

ఇట్లు,
కోపం ఇంకా మిగిలే ఉన్న
నీ ముద్దుల చెల్లెలు,
ఫిదెలినా