మీరు రాసిన పేజీకి వెనకవైపు

సారుకు నమస్కారం.

మీరు వెళ్లిపోయి నేటికి పదమూడు నెలల నాలుగు రోజులు. పెళ్లయిన కొత్తలో ఊరంతా మిమ్మల్ని సారు అంటుంటే నాకూ అదే నోటికొచ్చింది. ఇప్పుడు మార్చుకోవడం ఎందుకు?

ఇంట్లో అంతా బాగానే ఉంది. పోయిన నెల సంవత్సరీకం అయింది. మీ తమ్ముడు దగ్గరుండి చేయించాడు. మీ కళ్లజోడు, సిరా పెన్ను, చేతి గడియారం ఒక డబ్బాలో పెట్టి మూత మీద చీటీ అంటించాను. మిగిలిన మందులు దవాఖానలో ఇచ్చేశాను. ఏది ఎవరికి ఇచ్చానో నోటుబుక్కులో రాసి ఉంది.

కానీ ఈ ఉత్తరం వాటి గురించి కాదు. నేను మళ్లీ ఆ హోటల్‌కు వెళ్లాను... దిల్‌సుఖ్‌నగర్ హోటల్‌కే. ఒక్కదాన్నే. మూడు రోజులుండి నిన్న సూర్యాపేట వచ్చాను.

ఎందుకు వెళ్లావంటారా? పగ తీర్చుకోవడానికి. ఆ మాట మీకు నచ్చదు. నచ్చదని తెలిసే రాస్తున్నాను.

జరిగింది మీకు తెలియంది కాదు. కానీ వరసలో పెట్టుకుంటే తప్ప నాకు ఏదీ నిలవదు. నా సంగతి మీకు తెలుసు కదా...

నిరుడు గుండె డాక్టరుకు చూపించుకుందామని ఎల్బీనగర్ వెళ్లాం. మెట్లు ఎక్కవద్దని ఆయన చీటీ మీద రాసి కింద గీత కూడా గీశాడు. సాయంత్రం బస్సు పట్టుకుందామని వస్తే చౌరస్తాలో బస్సులన్నీ ఆగిపోయి ఉన్నాయి. మరునాటి నుంచి రెండు రోజులు తెలంగాణ బంద్ అని ముందురోజు సాయంత్రమే ఆపేశారట. ఇక చేసేదేమీ లేక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఆ హోటల్‌లో దిగాం. మొదటి అంతస్తులో గది ఇచ్చారు. గాలీ వెలుతురూ ఉన్న గది. నేను మందులు కిటికీ పక్కన వరసగా పెట్టుకున్నాను.

పొద్దున్నే మేనేజరు వచ్చి తలుపు కొట్టాడు.

"సార్, జర పైకి మారాలె. నాలుగో అంతస్తుల మంచి రూమ్ ఇస్తం."

లిఫ్టు నడుస్తుందా అని నేను అడిగాను. నడవదన్నాడు. గనుల సమ్మెలో బొగ్గు ఆగిపోయిందట, రోజంతా కరెంటు కోతలట. నేను డాక్టరు చీటీ తీసి చూపించాను. ఆయన చీటీ వంక చూడనే లేదు. మీ చొక్కా జేబుకున్న తెలంగాణ బ్యాడ్జి వంక చూశాడు.

"తెలంగాణ కోసం అందరం తిప్పలు వడుతున్నం గద సార్. మీ అసుంటి పెద్దలు జర ఓపిక వట్టాలె."

అంతే. మీరు లేచి చెప్పులు తొడుక్కున్నారు. దీక్షా శిబిరంలో రోజుల తరబడి ఎండలో కూర్చున్న మనిషిని కట్టేయడానికి ఎంత చిన్న తాడు సరిపోయిందో చూశారా?

నేను వద్దంటూనే ఉన్నాను. మీరేమన్నారు?

"పోరగాళ్లు రోడ్ల మీద లాఠీ దెబ్బలు తింటున్నరు సుశీలా. మనం నాలుగు అంతస్తులు ఎక్కలేమా? సర్దుకుందాం తియ్."

ఎనభై ఎనిమిది మెట్లు. నేను లెక్కపెట్టాను. పనివాళ్లు సగం మంది రాలేదని గదికి భోజనం పంపలేదు. కింద హాల్లో తినాలి, మళ్లీ ఎక్కాలి. రెండు రోజుల్లో ఐదు సార్లు ఎక్కారు. ప్రతిసారీ మూడో అంతస్తు మలుపులో కిటికీ దగ్గర ఆగేవారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వచ్చి బంద్‌తో నిలిచిపోయిన లారీలను చూస్తున్నట్టు నటించేవారు. "బత్తాయిలు మన దిక్కువే ఉన్నట్టున్నయే" అన్నారు ఒకసారి. ఆ మాట పూర్తి చేయడానికి మీకు మూడు ఊపిరులు పట్టింది. నాకు తెలియదనుకున్నారా?

మన గదిలో పెళ్లివాళ్లు దిగారని ఆ సాయంత్రమే తెలిసింది. మొదటి అంతస్తు మొత్తం వాళ్లకే ఇచ్చారు. నేను మండిపడుతుంటే మీరు వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. "ముహూర్తం బంద్ చూస్కొని వస్తదా?" అని నవ్వారు కూడా.

ఇంటికొచ్చిన పదకొండో రోజున, పేపరు చదువుతూ చదువుతూ...

ఆ మెట్లవల్లే అని డాక్టరు అనలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు.

పెద్దకర్మ అయిన వారానికి నేను ఆ హోటల్‌కు ఫోను చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేనేజరే ఎత్తాడు. మీరు పోయారని చెప్పాను, మెట్ల సంగతి గుర్తుచేశాను. అయ్యో పాపం అంటాడనుకున్నాను. ఏమన్నాడో తెలుసా?

"మా తాన ఏం తక్కువైందమ్మా? సారే మంచిగ రాసి పోయిండు. బుక్కుల ఉంది, కావాల్నంటే వచ్చి చూస్కోండ్రి."

ఫోను పెట్టేశాను. మీరు ఎప్పుడు రాశారు? నేను బయట ఆటోలో సంచులు సర్దుతున్నప్పుడా? నాకు చెప్పాలనిపించలేదా?

వచ్చి చూసుకోమన్నాడు కదా. సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, వెళ్లాను.

మేనేజరు నన్ను గుర్తుపట్టలేదు. "పెద్దమ్మా, మీకు మొదటి అంతస్తుల ఇస్తా, ఆరామ్‌గ ఉంటది" అన్నాడు. ఎంత మర్యాద! నాకు నాలుగో అంతస్తే కావాలన్నాను. వింతగా చూసి తాళం ఇచ్చాడు. రిజిస్టరులో సంతకం చేస్తుండగానే పక్కనున్న లావుపాటి అభిప్రాయాల పుస్తకం నా ముందుకు తోశాడు. దాంట్లో ఒక పేజీ దగ్గర ఎర్ర రిబ్బను పెట్టి ఉంది.

"చూడుండ్రి, హెడ్మాస్టర్ సార్ రాసిండు. తెలుగు అంటే గిట్లుండాలె. వచ్చినోళ్లందరికీ సూపియ్యమని మా సేటు చెప్పిండు."

మీ గుండ్రటి అక్షరాలు. మీ సిరా. "బంద్ దినములలోనూ మాకు ఆశ్రయమిచ్చి ఆదరించినారు. గదులు శుభ్రముగా ఉన్నవి. సిబ్బంది మర్యాదస్తులు. యాజమాన్యమునకు ధన్యవాదములు." కింద సంతకం.

మెట్లు ఎక్కీ దిగీ వణికిన చేత్తో ఇది రాశారా? ఒక్క అక్షరం కూడా వంకర పోలేదే...

సారూ, నాకు మేనేజరు మీద ఎంత కోపం వచ్చిందో మీ మీదా అంతే వచ్చింది. దాచను. మీ మంచితనాన్ని వాళ్లు కౌంటరు మీద బొమ్మలా పెట్టుకుని కొత్తవాళ్లను పిలుస్తున్నారు.

ఆ పుస్తకంలో నేనూ రాయాలని అప్పుడే అనుకున్నాను. కానీ కోపంతో రాస్తే అది చెల్లదు. నిజంగా బస చేసి, చూసి, రాయాలి. అందుకే మూడు రోజులు తప్పుల కోసం వెతికాను. దుప్పటి ఎత్తి చూశాను. పరుపు మడతల్లో చూశాను. బాత్రూం మూలల్లో వేలు పెట్టి చూశాను.

ఏం చెప్పను? దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఇడ్లీ మన ఇంటికంటే మెత్తగా ఉంది. సాంబారులో బెల్లం ఎక్కువ, వేడినీళ్లు ఏడు దాటితే రావు, టీవీ రిమోటుకు రబ్బరు బ్యాండు చుట్టారు... అంతే. నాకు ఏడుపొచ్చింది. బొద్దింకైనా ఒకటి కనపడకూడదా?

రెండో రోజు గది ఊడవడానికి యాదమ్మ వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, అల్మాస్‌గూడ ఆమె, నిరుడు మీకు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి మూడో అంతస్తు దాకా ఎదురొచ్చిన మనిషి. నన్ను చూడగానే, "అమ్మా, సార్ రాలేదా?" అంది. తర్వాత నా నుదురు చూసింది. చీపురు పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూలబడింది.

అక్కడ కూర్చునే తనంతట తను చెప్పింది.

"పాపం తగుల్తదమ్మా వీళ్లకు. జనరేటర్ ఉండె. లిఫ్టుకు గూడ వస్తది. గా రెండు దినాలు పెండ్లి హాల్‌కే ఇచ్చిన్రు. ఏసీలు, మైకులు, లైట్లు... లిఫ్టు ఏస్తే డీజిల్ మస్తు తాగుతదని మేనేజర్ బంద్ వెట్టించిండు. నా పేరు చెప్పకమ్మా, పని పోతది."

చెప్పనన్నాను. ఒకరు చెప్పినంత మాత్రాన రాసేయను కూడా. మరునాడు పొద్దున పదింటికి కరెంటు పోయింది. నేను గదిలోంచి పరుగున వచ్చి లిఫ్టు దగ్గర నిలబడ్డాను. కింద జనరేటరు చప్పుడు మొదలైంది. నిమిషం తిరగకుండా లిఫ్టు దీపం వెలిగింది. ఎక్కాను. కిందికి దిగాను, పైకి వచ్చాను. ఐదు సార్లు. మీరు ఎక్కినన్ని సార్లు.

ఐదోసారి తలుపు తెరుచుకున్నప్పుడు నేను బయటికి రాలేకపోయాను సారూ...

బొగ్గు కాదు. బంద్ కాదు. మీరు నమ్మిన ఉద్యమాన్ని ఒక మనిషి తన డీజిలుకు అడ్డం పెట్టుకున్నాడు. మీరు దానికి ఓపిక పట్టారు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. నా సంచిలో చిన్న కత్తెర ఉంది. ఇంటి నుంచి వెళ్లేటప్పుడే పెట్టుకున్నాను. మీరు ఆఖరుగా రాసింది ఆ పేజీయే కదా. తర్వాత పదకొండు రోజుల్లో మీరు పెన్ను పట్టలేదు. ఆ పేజీ కత్తిరించి తెచ్చుకుని మీ డబ్బాలో పెట్టుకుందామనుకున్నాను. వాళ్ల చేతుల్లో మీ అక్షరాలు ఎందుకుండాలి?

గది ఖాళీ చేసి కిందికొచ్చాక, మేనేజరు ఫోనులో ఉన్నప్పుడు పుస్తకం సోఫా దగ్గరికి తెచ్చుకున్నాను. కత్తెర తీశాను. పేజీ పట్టుకుని ఇలా ఎత్తేసరికి వెనకవైపు కనిపించింది. ఖాళీ. సిరా దిగుతుందని ఆ పుస్తకంలో అందరూ ఒకవైపే రాశారు.

కొత్త పేజీలో రాస్తే వాళ్లు ఆ పూటే చింపేస్తారు. మరి ఇక్కడ రాస్తే?

కత్తెర సంచిలో వేశాను. పెన్ను తీశాను.

మెల్లగా రాశాను, మీ వైపుకు ఒత్తు పడకుండా. మీ సిరా ఎక్కడెక్కడ దిగిందో అక్కడ చోటు వదిలాను. రాసింది ఇది:

"దుప్పట్లు శుభ్రంగా ఉన్నవి. ఇడ్లీ బాగున్నది. వేడినీళ్లు ఏడు తర్వాత రావు. నిరుడు బంద్ రోజుల్లో ఒక గుండె రోగిని, డాక్టరు చీటీ చూపించినా, మొదటి అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మార్చి ఆ గది పెళ్లివారికి ఇచ్చినారు. కరెంటు లేదని లిఫ్టు ఆపినారు. జనరేటరుతో ఈ లిఫ్టు నడుస్తుంది, నేను స్వయంగా ఎక్కి చూసినాను. ఆయన ఐదు సార్లు మెట్లెక్కినారు. ఇంటికి వెళ్లిన పదకొండో రోజున పోయినారు. మెట్ల వల్లే పోయినారని రాయడం లేదు, అది నాకు తెలియదు. మెట్లు ఎక్కించినారని రాస్తున్నాను, అది తెలుసు. ఈ కాగితానికి ముందువైపు రాసింది ఆయనే. నేను ఆయన భార్యను."

పుస్తకం కౌంటరు మీద పెట్టి, అదే పేజీ తెరిచి మేనేజరు వైపు తిప్పాను.

చదివాడు. మళ్లీ నా ముఖం చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు.

"గిదేందమ్మా... గా బంద్‌ల మేమేం జేస్తుంటిమి?"

"మీ జనరేటరు కూడా బంద్ పాటించిందా?" అన్నాను.

"సేటు చూస్తే నా నౌకరి పోతదమ్మా. పిల్లలు గలోన్ని."

మీరైతే అక్కడే కరిగిపోయేవారు. అయ్యో, కొట్టేయ్ సుశీలా అనేవారు. నేను కరగలేదు. ఆయన పేజీ అంచు పట్టుకున్నాడు, చింపడానికి. చింపండి, అన్నాను. వేళ్లు బిగించి, ఒక్కసారి పేజీ తిప్పి చూశాడు. అటువైపు మీరు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అంతలో ఖమ్మం నుంచి ఎవరో దంపతులు సామానుతో లోపలికి వచ్చారు. రిజిస్టరు తోశాడు, సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఇల్లాలు ఎర్ర రిబ్బను చూసి, "ఇదేం పుస్తకమండీ?" అని చెయ్యి చాపింది. మేనేజరు పుస్తకం మూసి దాని మీద మోచేయి ఆనించాడు. "ఏం లేదమ్మా" అన్నాడు.

ఏమీ లేదట! వచ్చిన వాళ్లందరికీ చూపించే పేజీ... నేను ఆటో ఎక్కేదాకా ఆ మోచేయి తీయలేదు.

ఎల్బీనగర్‌లో బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా నీళ్లు తాగాను.

డబ్బాలో మీ రాత లేదు. అది లోటే. మీ అక్షరాలను శత్రువుల ఇంట్లో కాపలా ఉంచి వచ్చాను. నన్ను కోప్పడతారా? ముప్పై ఏళ్లు మీతో సర్దుకున్నాను, ఈ ఒక్కసారి మీరు నాతో సర్దుకోండి.

వచ్చే ఏడు మీ తిథి పెట్టాక మళ్లీ వెళ్తాను. నాలుగో అంతస్తే అడుగుతాను. ఆ పేజీ ఉంటే మీ రాత కళ్లారా చూసుకుని వస్తాను. చింపేసి ఉంటే కొత్త పేజీ తీసుకుంటాను... ఈసారి రెండు వైపులా నేనే రాస్తాను.

మీ
సుశీల