దారం కట్టని పటం

బహ్రెయిన్, సీఫ్

శ్రీవారికి నమస్కరించి సాయికుమారి రాయునది. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. మీరూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రామ్‌ప్రసాద్ అన్నయ్య తెచ్చిన మీ ఉత్తరం, చింతకాయ పచ్చడి అందాయి. సీసా మూత ఊడి ఆయన చొక్కాలకి నూనె అంటిందట. ఏమీ అనుకోలేదు. మీ మోకాలి సంగతి రాయలేదేం? మందు మానకండి.

మేడంగారు ఇంకో రెండేళ్ళు ఉండమంటే ఎందుకు కాదన్నావని మీరు అడిగారు. ఫోనులో చెబుదామంటే మీరు స్పీకరు పెడతారు, పక్కన మీ చెల్లెలు ఉమారాణి ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మేడంగారమ్మాయి కళ పదో తరగతి. సాయంత్రం నేను ఇస్త్రీ చేస్తుంటే పక్కన కూర్చుని పటంలో నదులు గుర్తిస్తుంది. ఒకరోజు కృష్ణని గోదావరికి పైన గీసింది. ఉండబట్టలేక, కిందికి రావాలమ్మా అన్నాను. పెన్సిలు నా చేతికిచ్చింది. నాసిక్ దగ్గర మొదలుపెట్టి మన యానాం దాకా గీశాను. ఈ దీవిలో ఒక్క నదీ లేదు.

“ఆంటీ, ఇంత బాగా వచ్చి పది ఎలా తప్పారు?” అంది.

పటాన్ని పేపరుకి కట్టడం మర్చిపోయానన్నాను. పన్నెండేళ్ళుగా అందరికీ చెప్పేది అదే కదా. పెళ్ళిచూపుల్లో మీకూ అదే చెప్పాను. ఉమారాణి అయితే నలుగురు చేరిన ప్రతిసారీ, “మా వదిన గోదారిని సముద్రంలో కలపడం మర్చిపోయింది” అని నవ్విస్తుంది. మీరూ నవ్వారు.

నేను మర్చిపోలేదండీ. పరీక్షనాడు ఉమారాణిది నా వెనక బల్ల. పటం పూర్తిచేసి, దారం కోసం సారు దగ్గరికి వెళ్ళాను. పటం మీద నా నంబరు ఇంకా వెయ్యలేదు. తిరిగొచ్చేసరికి నా పటాన్ని ఆమె తన పేపరుకి కడుతోంది. నన్ను చూసింది కూడా. గంట కొట్టారు. పటం లేకుండానే పేపరు ఇచ్చేశాను. పాసుకి మూడు మార్కులు తగ్గాయి. ఆడపిల్లకి ఇక చాలన్నాడు నాన్న. నేను ఉమారాణి ఇంటికే కోడలినయ్యాను. ఆమె ఇప్పుడు బడిలో సోషల్ చెబుతోంది.

ఓపెన్ స్కూల్లో నా పేరు కళ చేత నమోదు చేయించాను. ఏప్రిల్‌లో వచ్చి పది రాస్తాను. మీరు వద్దన్నా రాస్తాను. మీ మాటకి ఎదురు చెప్పడం ఇదే మొదలు.

పాసైన రోజున ఉమారాణిని భోజనానికి పిలవండి. అందరి ముందూ ఖాళీ పటం పెట్టి గోదావరి గియ్యమంటాను. చక్కగానే గీస్తుంది, రోజూ చెప్పే పాఠమే. తొందరపెట్టను. ఆఖరి పాయ పూర్తయ్యాక ఆ పటాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని నా పేరు రాసుకుంటాను. ఏడిస్తే ఏడవనివ్వండి. మీరు మధ్యలోకి రావద్దు. ఇదేమిటని అత్తయ్యగారు అడుగుతారు. అప్పుడీ ఉత్తరం తీసి చదవండి. ఇన్నాళ్ళూ ఎంత గట్టిగా నవ్వారో అంత గట్టిగా చదవండి.

ఇట్లు,
మీ భార్య
సాయికుమారి