కొసరుగా పోయిన సీసా

చెల్లీ,

ఎలా ఉన్నావే? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ బావ మోకాలు తప్ప. అదీ బాగానే ఉందంటాడు, బస్తా ఎత్తమన్నప్పుడే నొప్పి గుర్తొస్తుంది. కొట్లో కూర్చుని బేరాల మధ్యలో గబగబా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

నువ్వడిగినవి వరసగా చెప్తా. అమ్మకి కళ్లద్దాలు మార్చాం. ఇప్పుడు నా కొట్లో దుమ్ము కూడా కనిపిస్తోందట, రోజూ వచ్చి చూపించి మరీ వెళ్తోంది. ఉప్పు మడుల గురించి నువ్వు విన్నది నిజమే. కిందటేడు నువ్వు గులాబీరంగు నీళ్లలోకి దిగి ఉప్పు గీరుకున్నావే, ఆ చివరి మడిని మట్టి పోసి పూడ్చేశారు. పైన గోడౌన్లు లేస్తున్నాయి. నేనే వెళ్లి చూసొచ్చా, చుక్క నీళ్లు లేవు.

ఇక సీసా. దానికొస్తా, ఆగు.

ముందు నాకో సందేహం తీర్చు. ఇరవై ఏళ్లుగా ఉప్పు అమ్ముతున్నా, ఉప్పు పడితే ఏదీ బతకదనే కదా జనం కొంటున్నారు? మరి మడి నీళ్లకి ఆ గులాబీరంగు తెచ్చే నీ సూక్ష్మజీవులు అందులోనే కాపురం పెట్టాయంటావు. ఉప్పురాయి లోపల చిన్న నీటిబొట్టులో ఏళ్లకేళ్లు కూర్చుంటాయంటావు. వాటికి దాహం వెయ్యదా? మంచినీళ్లు తగిలితే పగిలి చస్తాయంటే మొదట నవ్వుకున్నా. ఆ మడిలో గీరిన ఉప్పులో నువ్వు తీసుకెళ్లిన సగాన్ని మీ ల్యాబులో ఎవరో మంచినీళ్లలో కలిపేశారని రాశాక నవ్వు పోయింది. అంటే మిగిలింది నా దగ్గర దాచమన్న సీసా ఒక్కటే. అందుకే రెండు ఉత్తరాల్లోనూ దాన్నే అడిగావు, నేను రెండుసార్లూ మాట మార్చాను.

చెప్పేస్తున్నా. ఆ సీసాలో ఉప్పు పోయింది, పోగొట్టింది నేనే.

రెండు నెలల కిందట తోళ్ల కొట్టు పెద్దాయన వచ్చాడు, గొర్రెతోళ్లకి పట్టించే గళ్లుప్పు కోసం. మూడు బస్తాలు కాటా వేశా. "కొసరేదమ్మాయ్?" అన్నాడు. మామూలుగా గుప్పెడు వేస్తా. ఆ రోజు చేతికి నూనె అంటుకుని ఉంది. వెనక్కి చూడకుండా అరమీద చెయ్యి పెట్టి, దొరికిన సీసా ఒక బస్తాలో బోర్లించేశా. కొసరు కదా, చూసి వేస్తామా?

సాయంత్రం అర తుడుస్తుంటే తెలిసింది, అది నీ సీసా అని. మీ బావ మీదకి తోసేద్దామా అనిపించింది. అది కూడా కాదు, ఇంకా ఘోరం చేశా. ఆ సీసాలో మన బస్తా ఉప్పు నింపి, మూత పెట్టి అక్కడే పెట్టేశా. నీకు అదే పంపేదాన్ని. పార్సిల్ కట్టేశాను కూడా. కానీ నువ్వు రెండేళ్లు కళ్లు పోగొట్టుకుని నా కొట్టు ఉప్పుని చూస్తూ కూర్చుంటావని తల్చుకుంటే ముడి విప్పేశా.

తర్వాత ఒక రోజు పెద్దాయన చుట్టచుట్టిన తోలు తెచ్చి కాటామీద పడేశాడు.

"ఏం ఉప్పమ్మాయ్ ఇది? తోళ్లు కుంకుమ పూసినట్టు ఎర్రబడ్డాయి."

"మూడు బస్తాలవీనా బాబాయ్?"

"కాదు, ఒక్కదానివే. రెండు బస్తాలవి శుభ్రంగా ఉన్నాయి. నవ్వుతావేంటి, నా సరుకు పోతే?"

నిజంగానే నవ్వుతున్నా. కూర్చోబెట్టి అంతా చెప్పా. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "మీ చెల్లి చదువు నా తోళ్ల మీద సాగుతోందన్నమాట" అన్నాడు. చెడిన బస్తాకి బదులు ఇంకో బస్తా ఇచ్చా, ఆయన ఓ ఎర్రముక్కా, రెండు మంచిముక్కలూ కోసిచ్చాడు.

నాకు తోచిన పని చేశా. రెండు మూతల డబ్బాల్లో మంచిముక్కలు పెట్టి మన ఉప్పే రెండింటికీ దట్టించా. ఒకదానికి మాత్రం ఎర్రముక్క రుద్దా. రెండింటినీ వేడి తగిలేలా రేకు కింద పెట్టా. మూడు వారాలయింది. రుద్దినది గులాబీరంగుకి వచ్చింది. రెండోది తెల్లగా అలాగే ఉంది. పెద్దాయన రోజూ వచ్చి "పిల్లలెలా ఉన్నారు?" అని అడుగుతున్నాడు.

అవి నీవేనని నేను ప్రమాణం చెయ్యలేను. పెద్దాయన తోళ్ల గోదాములో ఇంకేదైనా అంటుకుని ఉండొచ్చు, అది నువ్వే తేల్చాలి. రెండు డబ్బాలూ, మిగిలిన ఎర్రముక్కా పంపుతున్నా. సీసా కూడా పంపుతున్నా, దానిమీద "కొట్టు ఉప్పు, నమ్మకు" అని రాశా. కంపు కొడతాయి, ముక్కు మూసుకుని విప్పు. మంచినీళ్లు మాత్రం దగ్గరికి రానీకు.

నీవైతే "మనవే" అని ఒక్క మాట రాయి. కాకపోతే తిట్టు, పడతా, కానీ రాయి. ఎర్రముక్కలో కాస్త కోసి ఇక్కడ ఇంకో డబ్బాలో ఉంచుకున్నా, నీ పార్సిల్ దారిలో పోతే అక్కరకొస్తుందని. పొద్దున్న షట్టర్ ఎత్తగానే కాటా కంటే ముందు దాని మూతే తీసి చూస్తున్నా.

ఇట్లు,
ఇకమీద కొసరు చూసి వేసే
మీ అక్క